ఆర్చ్ డీకన్ వచ్చిన ఆదివారం

మొన్న మా చర్చి పాస్టరు గారు ఇంటికి వచ్చారు. వయసులో నా చిన్న కొడుకు కంటే చిన్నవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండానే విషయం చెప్పారు. మా బిషప్ గారి అధ్యక్ష మండలంలో చాలా ఏళ్ళకు మళ్ళీ ఆర్చ్ డీకన్ అనే పదవిలో ఒకరిని పెట్టారట. ఆయన త్వరలో మా సంఘానికి వస్తున్నారట.

"అంకుల్, ఆర్చ్ డీకన్‌ను చూసినోళ్ళు మన సంఘంల మీరొక్కరే మిగిలిండ్రు. ఎట్ల ఎదుర్కోవాలె, ఏమేం అడుగుతరు, జర చెప్పుండ్రి" అన్నారు.

ఎట్లా ఎదుర్కోవాలో చెప్పాను. దండ ఎవరు వేయాలి, ఏ పాట పాడాలి, భోజనం ఎవరింట్లో, అన్నీ చెప్పాను. ఏమేం అడుగుతారన్న దానికి మాత్రం, "ఏముంటది, మామూలే" అని నవ్వి పంపించాను. ఆయన గేటు దాటగానే ఆ జవాబే నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, సంఘంలో పెద్దగా కూర్చున్నన్నాళ్ళూ, ఇంట్లో పెళ్ళాం పిల్లల దగ్గర కూడా, ఎవరేం అడిగినా వాళ్ళు వినడానికి ఇష్టపడే జవాబే ఇచ్చిన మనిషిని నేను. అది మర్యాద అనుకునేవాణ్ణి. చాలాసార్లు అది భయం. ఆ భయం ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే ఒక ఆదివారం దగ్గర ఆగుతాను.

మా కాలనీ ఇప్పుడు లేదు. గోదావరిఖని దాటి పోతుంటే కనిపించే మట్టి గుట్టల కింద ఎక్కడో ఉంది. నా చిన్నప్పుడు అక్కడ వరసలు వరసలుగా క్వార్టర్లు, వరసకో నల్లా, నల్లా దగ్గర బిందెల గొడవ. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి రాజేసేవారు. ఆ పొగ తెల్లగా, చిక్కగా నేలను పట్టుకుని సాగేది. కళ్ళు మండేవి. అయినా ఆ వాసన తగలకపోతే తెల్లారినట్టే అనిపించేది కాదు. సైరన్ మోగితే ఒక షిఫ్టు దిగేది, ఒక షిఫ్టు ఎక్కేది. చీకట్లో ఉన్నవాళ్ళు నల్లగా బయటికి వచ్చి, వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ క్యాంటీన్ దగ్గర మిర్చి బజ్జీలు తినేవారు.

మా నాయిన భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్. కూలీలందరి కంటే ముందు లోపలికి పోయి, పైకప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని, రాయి గట్టిగా ఉందనిపిస్తేనే మిగతా వాళ్ళను రానిచ్చే పని ఆయనది. ఎంత రుద్ది స్నానం చేసినా ఆయన కనురెప్పల అంచున సన్నటి నల్ల గీత మిగిలేది, ఎవరో కాటుక పెట్టినట్టు. సంఘంలో కూడా ఆయన పెద్ద. పెద్దలంటే ఇద్దరే. రెండో ఆయన హాలర్ కాక. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలర్ ఇంజను దగ్గర డ్యూటీ. ఆ మోతలో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు ఎప్పుడూ అరుస్తున్నట్టే ఉండేది. ప్రార్థనలో "ప్రభువా" అంటే కాలనీ కుక్కలు లేచేవి.

చర్చి కాలనీ చివర, రేగడి చేను అంచున ఉండేది. పెంకుల కప్పు, ఇటుక గోడలు. మా నాయినా ఆయన తోటివాళ్ళూ డ్యూటీ దిగి వచ్చి కట్టుకున్నది. లోపల ఎడమ వైపు మగవాళ్ళకు చాపలు, కుడి వైపు ఆడవాళ్ళకు. వాన కురిస్తే తడి మట్టి వాసన, ఆడవాళ్ళ కొప్పుల్లో కనకాంబరాలు, ప్రభు భోజనం నాటి ద్రాక్షరసం, అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పుడు అలాంటిది ఎక్కడా తగలదు.

మాకు చర్చి పదవులు గని పదవులుగానే అర్థమయ్యేవి. పాస్టరు అయ్యగారు షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్, బిషప్ గారు జనరల్ మేనేజర్. మధ్యలో ఈ ఆర్చ్ డీకన్ ఎవరు? ఆ పదవి అప్పటికే చాలా చోట్ల పోయిందనీ, వేరే పేర్లు వచ్చాయనీ అయ్యగారు చెప్పేవారు. మా పెద్దలు మాత్రం ఆ మాట వదల్లేదు. హాలర్ కాక దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "గాయన మైన్స్ ఇన్‌స్పెక్టర్ లెక్క. అస్తడు, తప్పు పడుతడు, బంద్ పెడ్తడు, పోతడు."

మా అవ్వ లెక్క వేరు. అవ్వ చిన్నప్పుడు గోదావరి అవతల పల్లెలో ఉండేది. అక్కడికి ఆర్చ్ డీకన్ ఎడ్ల బండి మీద వచ్చేవాడట. ముందు తెల్లదొరలు, తర్వాత మన తెలుగాయన. డేరా వేసుకుని దిగి, పొద్దున్నే ఇంటింటికీ నడిచేవాడట. తమలపాకుకు సున్నం రాస్తూ అవ్వ ఒక మాట చెప్పేది. "బిషపు అస్తె చెయ్యి పెట్టి దీవిస్తడు బిడ్డా. ఆర్చ్ డీకన్ అస్తె చూస్తడు. ఎవలింట్ల పొయిల పిల్లి పన్నదో అది గూడ చూస్తడు." వానలు లేని ఒక ఏడు ఆయన అలా చూసి పోయాకే వాళ్ళ పల్లెకు జొన్నలు వచ్చాయట. ఆ జొన్న గటక రుచి ఎనభై దాటినా అవ్వ నాలుక మీద ఉండేది.

ఆదివారం బడిలో అయ్యగారు మాకు ఇంకా పాత సంగతి చెప్పారు. మొదట్లో సంఘంలో విధవలకూ బీదలకూ అన్నం వడ్డించడానికి పరిచారకులను పెట్టారట. వాళ్ళనే డీకన్లు అంటారు. వాళ్ళందరికీ పెద్ద ఆర్చ్ డీకన్. పోనుపోనూ బిషప్ గారు అన్ని ఊళ్ళూ తిరగలేక, తన కళ్ళుగా ఆయన్ను పంపడం మొదలుపెట్టారు. గుడి కప్పు కారుతుందా, గంట మోగుతుందా, గిన్నెలు శుభ్రంగా ఉన్నాయా, పాస్టరు సరిగ్గా ఉన్నాడా, అన్నీ ఆయనే చూడాలి. ఇంగ్లండులో ఒకప్పుడు ఆర్చ్ డీకన్లు కోర్టులు కూడా పెట్టి జనాన్ని ఎంత పీడించారంటే, అసలు ఆర్చ్ డీకన్‌కు పరలోకం దొరుకుతుందా అని పెద్ద చదువులు చదివినవాళ్ళు వాదించుకునేవారట. మేము నవ్వాం. అయ్యగారు కూడా నవ్వారు, కానీ తొందరగా ఆపేశారు.

ఆ ఏడు వానాకాలానికి ముందు చర్చి కుడి గోడకు పగులు వచ్చింది. నేల కింద గనిలో జరిగిన పని వల్లనో, రేగడి నేల ఎండి బిగుసుకోవడం వల్లనో, ఎవరికీ తెలియదు. కిటికీ మూల నుంచి మొదలై, వంకరగా ఆడవాళ్ళు కూర్చునే చోటు వెనక దాకా దిగింది. మా నాయిన ఒక సన్నటి కాగితం పట్టీ తెచ్చి, గంజి పూసి, పగులు మీద అడ్డంగా అతికించాడు. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది, చిరగకపోతే గోడ ఆగినట్టు. అప్పటి నుంచి ఆరాధనకు వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ఆ పట్టీ వైపు చూసి, తర్వాత మోకాళ్ళు వంచేవారు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను కళ్ళు తెరిచి దాన్నే చూసేవాణ్ణి.

ఒక ఆదివారం ప్రసంగం ఎంతకూ తెగలేదు. నేను అవ్వ పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నాను. చెయ్యి వెనక్కి పోయింది. గోరుతో పట్టీ అంచు గీకాను. ఇంకొంచెం గీకాను. అది చిరిగింది.

ఆఖరి కీర్తన మధ్యలో ఎవరో చూశారు. పాట ఆగిపోయింది. ఆడవాళ్ళు పిల్లలను చంకన వేసుకుని మగవాళ్ళ చాపల మీదికి వచ్చేశారు. హాలర్ కాక ఎన్నడూ లేనంత పొడుగు ప్రార్థన చేశాడు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత అవ్వ నన్ను కొంగు కిందికి లాక్కోవడంతో నవ్వు పోయింది. అయినా నోరు తెరవలేదు. నాయిన మళ్ళీ కొత్త పట్టీ అతికించాడు.

వానలు వెనకబట్టాక అది కూడా చిరిగింది. ఈసారి నేను ముట్టుకోలేదు. శనివారం చర్చి ఊడ్వడానికి మా అమ్మతో పోయినప్పుడు చూశాను. కాగితం మధ్యకు, సాఫుగా, దారంతో కోసినట్టు తెగి ఉంది. అమ్మ పరుగెత్తి నాయినను పిలుచుకొచ్చింది. హాలర్ కాక కూడా వచ్చాడు. ఆయన పట్టీని దగ్గరగా చూసి, మొదటి పట్టీ మీద గోటి గీతలు ఉన్నాయనీ, దాన్ని పీకేసేటప్పుడు తాను చూశాననీ, ఇది కూడా ఎవడో పోరడి పనేననీ తేల్చేశాడు. నాయిన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పైగా ఆయన ముఖం తేలికపడింది. నా తల నిమిరి, "ఇంకోసారి గట్ల చెయ్యకు" అన్నాడు, అంతే. ఎందుకు కొట్టలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయనకు నా అల్లరి అవసరమైంది. పిల్లవాడి గోరు చేసిన పని అయితే అది గోడ చేసిన పని కాదు.

అప్పుడే ఆర్చ్ డీకన్ వస్తున్నారని కబురు వచ్చింది.

ఫస్ట్ షిఫ్టు దిగాక అయ్యగారూ హాలర్ కాకా మా ఇంటి ముందు మంచాల మీద కూర్చున్నారు. అమ్మ చాయ్ పెట్టింది. నేను గడపలో కూర్చుని వింటున్నాను. గోడ చూస్తే ఆయన చర్చి మూసేస్తాడని వాళ్ళ భయం. మూసేస్తే మమ్మల్ని టౌనులోని పెద్ద చర్చిలో కలిపేస్తారు. అక్కడికి పోవాలంటే బస్సెక్కాలి. నైట్ షిఫ్టు దిగినవాళ్ళు పోలేరు, అవ్వలాంటి వాళ్ళు అసలే పోలేరు. పైగా అక్కడి వాళ్ళు మమ్మల్ని బొగ్గోళ్ళు అనేవారు. మా చాపల మీద మేము కూర్చున్నంత ధీమాగా అక్కడి బెంచీల మీద కూర్చోలేం.

అయ్యగారు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామా అని మెల్లగా అడిగారు. హాలర్ కాక గని సంగతి ఎత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ వస్తాడంటే ముందు రోజు లోపల సొరంగాలన్నిటికీ తెల్లటి రాతి పొడి చల్లేవారు. బొగ్గు దుమ్ముకు మంట అంటుకోకుండా ఎప్పుడూ చల్లాల్సిందే. కానీ ఆ రోజు మాత్రం పెళ్ళి పందిరిలా మెరిసిపోయేది. "తెల్లగుంటె మంచిగున్నట్టే. ఏ ఇన్‌స్పెక్టర్ అయినా పైపైనే చూస్తడు" అన్నాడు కాక. నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. చివరికి నా వైపు ఒకసారి చూసి, గోడ కదలలేదు, పిల్లల పనే అన్నాడు. పగులులో మట్టీ సిమెంటూ కూరి సున్నం వేద్దాం అన్నాడు.

శనివారం మేమంతా సున్నం వేశాం. పిల్లలకు పండగ. సున్నం డ్రమ్ములో ఉడుకుతుంటే వేడి ఆవిరి వచ్చేది, అందులో నీలిమందు కలిపారు. ఒకరి ముఖాలకు ఒకరం పూసుకున్నాం. నా వేళ్ళు పగిలి మండుతుంటే అమ్మ మంచినూనె రాసింది. సాయంత్రానికి చర్చి కొత్తదిలా ఉంది. కానీ పొద్దున వెళ్ళి చూస్తే, పగులులో కూరినది ఆరక, సున్నం కింద నుంచి తడి గీత పాములా కనిపిస్తోంది. హాలర్ కాక ఉరుక్కుంటూ పోయి, గుమ్మం మీద కట్టిన "సుస్వాగతం" గుడ్డను విప్పుకొచ్చి, ఆ గీత మీద కట్టేశాడు.

ఆర్చ్ డీకన్ గారు బస్సు దిగి నడిచి వచ్చారు. మేము జీపు కోసం చూస్తున్నాం కాబట్టి, గొడుగూ చేతిసంచీ పట్టుకున్న ఆ బక్క మనిషిని మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. మందపాటి కళ్ళద్దాలు. అవ్వ నా చెవిలో, "బిషపు కన్నుకే అద్దాలు పెట్టిండ్రు గదరా" అంది. నవ్వాపుకోలేక నేను దగ్గాను.

ఆరాధన అయ్యాక ఆయన అన్నీ చూశారు. గంట కొట్టి విన్నారు. ప్రభు భోజనం గిన్నెను వెలుతురులోకి ఎత్తి చూశారు. ఎడమ గోడ మీద చెయ్యి పెట్టుకుంటూ నడిచారు. వెనక గోడ. తర్వాత కుడి గోడ. గుడ్డ ముందు ఆయన ఆగి, అక్షరాలు చదివి, "మంచిది" అన్నారు. చెయ్యి తీసేసి ముందుకు పోయారు. హాలర్ కాక ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

చివర్లో ఆయన గుమ్మం బయట నిలబడి, సంఘమంతా చుట్టూ ఉండగా పెద్దలిద్దరినీ ముందుకు పిలిచారు. ఇది వందల ఏళ్ళ నాటి పద్ధతి అని చెప్పారు. ఆర్చ్ డీకన్ వచ్చినప్పుడు సంఘ పెద్దలు గుడిలో బాగులేనిది ఏదైనా ఉంటే అందరి ఎదుట చెప్పాలి. దేవుని ఎదుట చెప్పినట్టు చెప్పాలి. ఆ మాట అనేసి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "బాగులేనిది ఏమైనా ఉందా?" అని అడిగారు.

హాలర్ కాక నాయిన వైపు చూశాడు. నాయిన చేతులు కట్టుకున్నాడు.

"ఏం లేదయ్యా. అంత మంచిగనే ఉన్నది."

అది నేను ఎరిగిన నాయిన గొంతు కాదు.

భోజనం మా ఇంట్లో. అమ్మ బగార అన్నం, కోడికూర, పుంటికూర తొక్కు చేసింది. వాసన వాడంతా కమ్ముకుంది. ఆర్చ్ డీకన్ గారు వడ్డించుకోవడానికి కూర్చోకుండా, గరిటె తీసుకుని ముందు అవ్వకు వడ్డించారు. తర్వాత నాకు, నాయినకు, కాకకు, అయ్యగారికి. అమ్మ వద్దంటే, "నా పదవికి అర్థమే ఇదమ్మా, వడ్డించేవాణ్ణి" అన్నారు. అవ్వ ఎంత మురిసిపోయిందో. ఎడ్ల బండ్ల కాలం సంగతులన్నీ తీసింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

తింటూ ఆయన ఒక సంగతి చెప్పారు. ఈ ఏడు ఏ గుడి ఎక్కువ దెబ్బతిన్నదో చూసి చెబితే బాగుచేయిస్తానని బిషప్ గారు పంపారట. కాసిపేట వైపు ఒకటి చూశారు. రామకృష్ణాపూర్‌లో చూశారు. మాది చివరిది. "మీకు అవసరం లేదు కాబట్టి సంతోషమే" అన్నారు.

కోడి కాలు పట్టుకున్న హాలర్ కాక చెయ్యి అలాగే ఆగిపోయింది. తెల్లగా కనిపిస్తే పోతాడనుకున్న మనిషి, పగులు కోసమే వచ్చాడు.

ఆయనకు పోవాల్సిన బస్సు వచ్చే వేళయింది. ఆయన లేవలేదు. ఇంకో చాయ్ అడిగారు. అవ్వను ఇంకో కథ చెప్పమన్నారు. బస్సు హారను దూరంగా వినిపించి పోయింది. ఆయన విననట్టే కూర్చున్నారు. ఈ మనిషి పోతే బాగుండు. ఈ మనిషి పోకపోతే బాగుండు. రెండూ అనిపించాయి. గోడ నా కళ్ళ ముందు కదులుతూనే ఉంది. దాని కింద వచ్చే ఆదివారం అవ్వ కూర్చుంటుంది.

నాయిన ముఖమూ చేతులూ కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"నాయినా, మొదటి పట్టీ నేనే చింపిన. రెండోది నేను చింపలే."

నాయిన చేతులు నీళ్ళ కింద ఆగిపోయాయి.

"నిజంగనా?"

"నిజంగ. దానంతలదే తెగింది."

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా ఆయన అలాగే వంగి ఉన్నాడు. చెయ్యి ఎత్తితే కొడతాడని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆయన తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకుంటున్నాడు, డ్యూటీ దిగి వచ్చినప్పుడు తుడుచుకున్నట్టు.

రెండో బస్సు కోసం ఆర్చ్ డీకన్ గారిని సాగనంపడానికి అందరం నడిచాం. హాలర్ కాక సంచీ మోస్తున్నాడు. సంఘం వాళ్ళు చాలామందే వచ్చారు. నాయిన వెనకబడి నడుస్తున్నాడు. బస్సు దుమ్ము రోడ్డు మలుపులో కనిపించింది. నేను నాయిన వైపు చూడలేక నేల చూస్తున్నాను. ఆయన జనాన్ని దాటుకుని ముందుకు పోయాడు.

"అయ్యా, పొద్దుగాల నేను చెప్పింది నిజం గాదు. గోడ పగిలింది. ఇంకా కదులుతనే ఉన్నది. సున్నం ఏసి కప్పినం."

బస్సు వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కలేదు. ఆర్చ్ డీకన్ గారు కండక్టరుకు పొమ్మని చెయ్యి ఊపారు.

"స్వాగతం గుడ్డను పక్క గోడకు ఎవరు కడతారు నాయనా" అన్నారు మెత్తగా. "చూడగానే తెలిసింది. కానీ నేను చూసినదాన్ని నేను రాసుకోకూడదు. పెద్దలు నోటితో చెప్పిందే రాసుకోవాలి. అది మా పద్ధతి. మీరు చెబుతారేమోనని కూర్చున్నాను."

నాయిన ఆశగా, "అయితే బాగు చేయిస్తరా అయ్యా?" అని అడిగాడు.

"బిషప్ గారికి చెబుతాను. ఆయన తరఫున నేను మాట ఇవ్వలేను. ఒకటి మాత్రం నా చేతిలో ఉంది." ఆయన అందరి వైపూ తిరిగారు. "వచ్చే ఆదివారం నుంచి ఆ గోడల మధ్య ఎవరూ కూర్చోవద్దు."

హాలర్ కాక సంచీ కింద పెట్టాడు. "నోరు కుదురుగ ఉంటె గీ బాధ ఉండకపోవు గదనే సర్దార్" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

తర్వాతి ఆదివారం నుంచి ఆరాధన బడి వరండాలో. వానొస్తే మధ్యలోనే లేచేవాళ్ళం. బిషప్ గారి దగ్గర నుంచి ఏ కబురూ రాలేదు. ఆ ఏడే ఆర్చ్ డీకన్ గారు పని నుంచి దిగిపోయారు. ఆయన తర్వాత ఆ పదవిలో ఇంకెవరినీ పెట్టలేదు. మా నాయిన చెప్పింది విన్న చెవే లేకుండా పోయింది. సంఘంలో సగం మంది టౌను చర్చికి మళ్ళారు. అవ్వ వరండా దాకా వచ్చేది, తర్వాత అదీ మానేసింది. ఆమె పోయినప్పుడు పెట్టెను ఆ పాత చర్చి ముందు కొంచెంసేపు దించి, బయటే ప్రార్థన చేశారు. లోపలికి తీసుకుపోదామని హాలర్ కాక అన్నాడు. నాయిన ఒప్పుకోలేదు.

ఇంతకీ ఆ గోడ పడలేదు. మా ఇంట్లో మేమంతా అది పడాలని చూశాం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ. అది పడితే నాయిన నెగ్గినట్టు. ఒక వానాకాలం పోయింది, ఇంకొకటి పోయింది. గోడ అలాగే నిలబడి ఉంది. క్యాంటీన్ దగ్గర, షిఫ్టు దిగే చోట, "ఏంది సర్దార్, నీ గోడ ఇంకా పడలేదా?" అని అడిగేవారు. నాయిన బజ్జీ పొట్లం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. మళ్ళీ ఎన్నడూ ఆయన్ను సంఘ పెద్దగా ఎన్నుకోలేదు. బడిలో పిల్లలు కూడా అదే మాట అనేవారు. ఒకరోజు నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. పట్టీ సంగతి నాయినకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నా కొడుకు చెబితేనే తెలిసిందని ఒక్క మాట అంటే ఆ మాటల్లో సగం నా మీదికి వచ్చేవి. అనలేదు.

నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని వచ్చినప్పుడు కాలనీ ఖాళీ చేశాం. చర్చిని యంత్రంతో కూల్చారు. నాయిన రిటైరయ్యాడు అప్పటికి. చూడటానికి పోదామంటే రానన్నాడు. మిగతా గోడల కంటే అది ముందు పడిందో తర్వాత పడిందో మాకెవరికీ తెలియదు.

చివరి రోజుల్లో ఆయన దవాఖానలో ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. నేను పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. కిటికీ లోంచి ఎండ ఆయన పాదాల మీద పడుతోంది. ఆయన చాలాసేపు కప్పు వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నేను చెప్పుడు మంచిదేనారా?"

ఏ రోజో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. చెప్పడానికి నా దగ్గర ఎంతో ఉంది. నేను చూసిన మనుషుల్లో అందరి ఎదుట తన మాట తనే వెనక్కి తీసుకున్నది ఆయనొక్కడేననీ, ఆ రోజు తర్వాత అవ్వ ఆ గోడ కింద కూర్చోలేదనీ, అంతకంటే నాకేం అక్కర్లేదనీ చెప్పాలి. బడిలో ఆ గోడ మాటకు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానని చెప్పాలి. చెబితే ఏడుస్తానేమోనని, ఏడిస్తే ఆయన భయపడతాడేమోనని అనిపించింది.

"గవన్ని ఇప్పుడెందుకు నాయినా. పండుకో" అన్నాను.

ఆయన తల ఊపి, కళ్ళు మూసుకున్నాడు. బత్తాయి తొనలు ఒకటొకటిగా గిన్నెలో పెడుతూ కూర్చున్నాను. కాసేపటికి నిద్రపోయాడనుకున్నాను. నిద్రపోలేదు. దుప్పటి మీద ఆయన వేలు మెల్లగా కొడుతూ, ఆగుతూ, గని పైకప్పును వింటున్నట్టు మళ్ళీ కొడుతూ ఉంది. నేను చూడనట్టు తొక్కలు ఏరుకున్నాను.